ఏ సంఘం? హైదరాబాద్ బస్తీల్లో క్రైస్తవ సేవ తీరుతెన్నులు

క్లుప్తంగా: పేదల మధ్య క్రైస్తవ సంస్థలు చేసే పని ఒకే రకం కాదు. ఆపదలో ఆదుకోవడం ఒకటి, పొదుపుతో పనితో నిలదొక్కుకునేలా చూడటం ఇంకొకటి, హక్కుల కోసం జనాన్ని కూడగట్టడం మరొకటి. మూడింటికీ బైబిల్లో వేర్వేరు ఆధారాలున్నాయి, డబ్బు వచ్చే దారులూ వేరు. విదేశీ విరాళాల చట్టం 2020లో బిగిసిన తర్వాత బయటి డబ్బుతో నడిచే పని కుంచించుకుపోతోంది, సంఘాల సొంత చందా మీద భారం పెరుగుతోంది. ఏ పద్ధతి నిలిచింది, ఏది కూలింది అని చూస్తే, లెక్కల పుస్తకం ఎవరి దగ్గర ఉందన్నదే ఎక్కువసార్లు తేడా తెచ్చింది.

సికింద్రాబాద్ చుట్టుపక్కల బస్తీల్లో ఎవరైనా "సంఘానికి పోతున్న" అంటే, "ఏ సంఘం?" అని అడగక తప్పదు. ఆదివారం ఆరాధన జరిగేదీ సంఘమే. నెలనెలా రెండొందలు పొదుపు కట్టేదీ సంఘమే. నల్లా నీళ్లు రాకపోతే ఖాళీ బిందెలతో జలమండలి ఆఫీసు ముందు కూర్చునేదీ సంఘమే. కొన్ని గల్లీల్లో ఈ మూడు చోట్లా కనబడే ముఖాలు దాదాపు అవే. క్రైస్తవ సేవ గురించి మాట్లాడేటప్పుడు గందరగోళం ఇక్కడే మొదలవుతుంది.

2024 జనవరిలో వరల్డ్ విజన్ ఇండియా అనే క్రైస్తవ సేవా సంస్థకు విదేశీ విరాళాలు తీసుకునే రిజిస్ట్రేషన్ రద్దయింది. కొద్ది నెలలకే చర్చెస్ ఆక్సిలరీ ఫర్ సోషల్ యాక్షన్ (కాసా), ఉత్తర భారత సంఘం (సీఎన్‌ఐ) అనే చర్చి సేవా విభాగం వంటి వాటిదీ అదే పరిస్థితి. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా రెండు మాటలు గట్టిగా వినిపిస్తాయి. సేవ ముసుగులో మతమార్పిడి ఆగిందని ఒకరు, పేదల నోటికాడి ముద్ద లాగేశారని ఇంకొకరు. రెండు వాదాల్లోనూ ఒకే లోపం ఉంది. క్రైస్తవ సేవనంతా ఒకే గాటన కట్టేయడం.

కాలువ కాంట్రాక్టు నుంచి మెదక్ గోపురం దాకా

తెలుగు నేల మీద ఈ చరిత్ర కరువుతో ముడిపడి ఉంది. 1876–78 కరువు మద్రాసు ప్రెసిడెన్సీని ఊడ్చేస్తున్నప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గంజి కేంద్రాలతో సరిపెట్టలేదు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడు మైళ్ల పనిని తనే కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేరే కాంట్రాక్టర్ల దగ్గర మాదిగ కూలీలకు తిట్లూ దెబ్బలూ దక్కేవి, కూలి మాత్రం పూర్తిగా చేతికి వచ్చేది కాదు. క్లౌ తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, రోజు కూలి రోజు ఇప్పించాడు. సాయం పంచుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదన్నది ఆయన లెక్క. కరువు పని ముగిశాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

సాయానికీ మతానికీ మధ్య గోడ కట్టాలని చూసినవాడి దగ్గరే ఇంత పెద్ద మార్పిడి జరిగింది. దీన్ని ప్రలోభం అని చదివేవారున్నారు, దొర దగ్గర మొదటిసారి మర్యాద దొరికిన జనం ఎంచుకున్న దారి అని చదివేవారూ ఉన్నారు. ఒక విషయం మాత్రం రెండు పక్షాలూ తేలిగ్గా దాటేస్తాయి. ఆ ఉద్యమానికి ఊళ్లూళ్లూ తిరిగి నేల సిద్ధం చేసింది మిషనరీ కాదు. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి.

నిజాం రాజ్యంలో ఇదే ధోరణి కొంచెం వేరేగా నడిచింది. మెదక్‌లో వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన కెథడ్రల్ 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. కరువు రోజుల్లో పనికి తిండి పెట్టి కట్టించిన గుడి అని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో మొదలుపెట్టిన కుష్ఠు ఆసుపత్రికి పెద్ద మొత్తంలో అండగా నిలిచింది స్థానిక సంపన్నుడు నర్సాగౌడ్. ఆయన క్రైస్తవుడు కాదు. క్రైస్తవ సేవ అంటే విదేశీ డబ్బే అనే మాట వందేళ్ల కిందట కూడా పూర్తిగా నిజం కాదన్నమాట.

ఆ కాలంలోనే లోపలి నుంచి ఒక విమర్శ వచ్చింది. తర్వాతి రోజుల్లో డోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో మాట్లాడుతూ, పేదల పోషణకు మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలను కాల్చడానికి అప్పగించారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. ప్రేమ లేకపోతే ఆస్తి అంతా పంచినా, శరీరాన్ని కాల్చడానికి అప్పగించినా ప్రయోజనం లేదని చెప్పే మొదటి కొరింథీ పత్రిక 13వ అధ్యాయం కంఠతా వచ్చినవారికి దెబ్బ ఎక్కడ తగిలిందో వెంటనే తెలుస్తుంది. ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద ఉన్నంతకాలం అది స్నేహం కాదన్నది దాని సారం. రెండేళ్లకు, 1912లో, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే.

సమరయుడు, పరిగె, సునాదం

ఈ రంగంలో వాడే అభివృద్ధి పరిభాష చాలావరకు అరువు సరుకు. తెలుగు బైబిల్ చదివే బస్తీ సంఘాల్లో అవే ఆలోచనలకు మరింత తేటైన పేర్లున్నాయి.

మొదటిది మంచి సమరయుడి కథ. దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాడిని ఎవరివని అడగకుండా ఎత్తుకుని, గాయాలు కట్టి, పూటకూళ్లవాడికి డబ్బిచ్చి అప్పగించడం. వరద, అగ్నిప్రమాదం, కరోనా లాక్‌డౌన్‌లో బియ్యం కిట్లు ఈ కోవలోకి వస్తాయి. వేగం దీని బలం. ఆపద తీరాక కూడా ఆగకపోతే అదే దీని జబ్బు.

రెండోది పరిగె. పొలం కోసేటప్పుడు అంచులు పూర్తిగా కోయొద్దు, రాలిన వెన్నులు ఏరుకోవద్దు, వాటిని పేదలకూ పరదేశులకూ వదిలేయి అని లేవీయకాండం 19వ అధ్యాయం చెబుతుంది. పొలంలో పరిగె ఏరుకుని బతికిన విధవరాలు రూతు కథ నడిచేది ఈ నియమం మీదే. ఇక్కడ ఎవరూ ఎవరికీ గింజలు కొలిచి పెట్టడం లేదు. అవకాశం వదిలిపెడుతున్నారు, ఏరుకునే శ్రమ పేదవారిదే, కాబట్టి గింజలూ వారివే. 1990ల్లో చికాగో కేంద్రంగా జాన్ మెక్‌నైట్, జాన్ క్రెట్జ్‌మన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఈ కోవలోదే. పేటలో ఏం లేదో కాదు, ఏం ఉందో ముందు లెక్కగట్టమన్నారు వారు. అమెరికాలో నల్లజాతి పాస్టర్ జాన్ పెర్కిన్స్ మరో మాట చేర్చాడు. సేవ చేసేవారు ఆ పేటలోనే కాపురం ఉండాలన్నాడు.

మూడోది సునాద సంవత్సరం. యాభయ్యో ఏట బూర ఊది, అమ్ముడుపోయిన పొలాలు మొదటి కుటుంబాలకు తిరిగి అప్పగించి, బానిసలను విడిచిపెట్టమని లేవీయకాండం 25వ అధ్యాయం చెప్పింది. ఇది దానం కాదు, చట్టం. లాటిన్ అమెరికా కాథలిక్ బిషప్పులు 1968లో మెడెయిన్ సభలో పేదల పక్షం గురించి మాట్లాడినా, మన దగ్గర దళిత క్రైస్తవ వేదికలు భూమి, రిజర్వేషన్ గురించి మాట్లాడినా పునాది ఇదే.

ఒకే సంస్థ ఈ మూడూ చేయొచ్చు. చిక్కల్లా ఒకదానికి తగిన పనిముట్టును మరోదానికి వాడినప్పుడు వస్తుంది. రోజువారీ వసూలు చేసే గిరిగిరి అప్పుల్లో కూరుకున్న కుటుంబానికి నెలనెలా బియ్యం కిట్టు ఇవ్వడం సమరయుడి మందును పరిగె జబ్బుకు వేయడం. కిట్టు వల్ల మిగిలిన డబ్బు నేరుగా వడ్డీవాడి జేబులోకి పోతుంది.

డబ్బా ఒకరి దగ్గర, తాళం ఒకరి దగ్గర

గిరిగిరి లెక్క ఒకసారి చూడాలి. పది వేలు అప్పు అంటారు, చేతికి తొమ్మిది వేలే ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యే కదా వడ్డీ అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ వస్తుంది కాబట్టి, ఆ వంద రోజుల్లో సగటున చేతిలో ఉన్నది నాలుగున్నర వేలకు మించదు. అంటే నెలకు నూటికి ఆరు రూపాయల పైమాటే. కూరగాయల బండికి పెట్టుబడి ఇలా తెచ్చుకునే ఇంట్లో సంపాదన ఎంత పెరిగినా చిల్లు కుండలో నీళ్లే.

పొదుపు సంఘం ఈ చిల్లు పూడ్చడానికి పుట్టింది. పదిహేను మంది నెలకు రెండొందలు వేస్తే ఏడాదికి 36,000. అందులోంచే నూటికి రూపాయి వడ్డీకి అప్పు, ఆ వడ్డీ తిరిగి సంఘానికే. దీని మూలపురుషుల్లో ఒకడు 19వ శతాబ్దపు జర్మన్ ఊరి మేయర్ ఫ్రీడ్రిక్ రైఫైజెన్. భక్తిపరుడైన ప్రొటెస్టెంట్. కరువులో పేదలకు రొట్టెలు పంచడంతో మొదలుపెట్టి, దానంతో పని కాదని గ్రహించి, 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో పరపతి సంఘం పెట్టాడు. మన దేశంలో 1904 సహకార పరపతి సంఘాల చట్టం వెనుక ఆ నమూనాయే ఉంది. 1909లో ఛోటానాగ్‌పుర్‌లో ఆదివాసుల మధ్య ఫాదర్ హాఫ్‌మన్ పెట్టిన కాథలిక్ పరపతి సంఘానిదీ ఆ బాటే.

బస్తీలో ఇది నడిచే తీరు దగ్గర్నుంచి చూస్తే ఒక చిన్న ఏర్పాటు కంటపడుతుంది. డబ్బులుండే రేకు డబ్బా ఒకరింట్లో, తాళంచెవి ఇంకొకరింట్లో, లెక్కల పుస్తకం మూడో మనిషి దగ్గర. కూర్చున్నప్పుడు ముగ్గురూ రావాల్సిందే. కట్టినవారి పేరు పైకి చదువుతారు, చదువు రానివారు తమ గీత ఎక్కడ పడిందో వేలు పెట్టి చూసుకుంటారు. ఎవరైనా ఈ నెల వేయలేకపోతే ఎందుకో అందరికీ తెలిసే ఉంటుంది, గోడ అవతలి ఇల్లే కాబట్టి. బ్యాంకుకు లేని సమాచారం ఇది. అయితే చర్చి నడిపే కొన్ని సంఘాల్లో డబ్బా, తాళం, పుస్తకం మూడూ పాస్టర్ గారింటికి చేరతాయి. ఆయన మీద నమ్మకంతోనే చేరతాయి, అందులో అనుమానం లేదు. కానీ ఆయన బదిలీ అయిన నాడో, సంఘం చీలిన నాడో అవి తిరిగి రావడం కష్టం. పైగా లెక్క అడగడం అవిశ్వాసంలా కనిపించే చోట ఎవరూ అడగరు.

అప్పు దొరికితే చాలు పేదరికం పోతుందన్న మాటకు హైదరాబాదే పెద్ద పరీక్షాశాల అయింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం నగరంలోని 104 బస్తీలు తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం చోట్ల ఒక సూక్ష్మరుణ సంస్థ శాఖలు తెరిపించి ఫలితాలు పోల్చింది. 2015లో అచ్చయిన నివేదిక ప్రకారం చిన్న వ్యాపారాల్లో పెట్టుబడి కొంత పెరిగింది. పిల్లల చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఆడవారి మాట చెల్లుబాటు విషయాల్లో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. మధ్యలో 2010 అక్టోబరులో, వసూళ్ల వేధింపుల ఆరోపణల నడుమ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. అక్కడా సంఘాలున్నాయి, వారం వారం సమావేశాలున్నాయి. డబ్బూ నిర్ణయమూ మాత్రం బయటివారివి. పొదుపు సంఘాన్నీ సూక్ష్మరుణ గ్రూపునూ ఒకే కోవలో వేసేవారు ఈ తేడా దగ్గర ఆగడం లేదు.

ఫొటోలోని పిల్ల

క్రైస్తవ సంస్థల చేతిలోని అతి పెద్ద ఆర్థిక యంత్రం పిల్లల స్పాన్సర్‌షిప్. 1950ల్లో కొరియా యుద్ధపు అనాథల కోసం అమెరికన్ క్రైస్తవ సంస్థలు దీన్ని పెద్ద ఎత్తున చేపట్టాయి. విదేశంలోని ఒక కుటుంబం ఒక పిల్లను ఎంచుకుని నెలనెలా డబ్బు పంపుతుంది, బదులుగా ఫొటో, ఉత్తరం, క్రిస్మస్ కార్డు అందుకుంటుంది. దాతకు పేదరికం ఒక ముఖంగా కనిపించడం దీని కిటుకు.

ఇది పనిచేయదని కొట్టిపారేయడానికి లేదు. బ్రూస్ వైడిక్ బృందం భారత్ సహా ఆరు దేశాల్లో కంపాషన్ సంస్థ పిల్లలను పరిశీలించి 2013లో ఇచ్చిన ఫలితాల ప్రకారం, స్పాన్సర్‌షిప్ పొందినవారు సగటున 1.03 నుంచి 1.46 ఏళ్లు ఎక్కువ చదివారు. చిన్న తేడా కాదు.

తంటా వేరే చోట ఉంది. ఒకే గల్లీలో ఒక ఇంటి పిల్లకు బ్యాగు, బూట్లు, ట్యూషన్ ఫీజు వస్తాయి, ఎదురింటి పిల్లకు రావు. జాబితాలో పేరు ఎక్కించేది ఎవరైతే బస్తీలో ఆయనే పెద్దమనిషి. ఈ చిక్కు తెలిసే వరల్డ్ విజన్ వంటి సంస్థలు తర్వాత స్పాన్సర్‌షిప్ డబ్బును ఆ ప్రాంతం మొత్తానికి, బడి, నీళ్లు, ఆరోగ్యం పనులకు కలిపి ఖర్చుచేసే పద్ధతికి మళ్లాయి. రెండో చిక్కు అంతకన్నా గట్టిది. డబ్బు ఆగితే అన్నీ ఒకేసారి ఆగుతాయి. ముందస్తు అనుమతి ఉంటే తప్ప విదేశీ డబ్బు తీసుకోరాదన్న ఆంక్షతో కంపాషన్ 2017 మార్చిలో దేశం విడిచింది. అప్పటికి జాబితాలో ఉన్న పిల్లలు లక్షన్నరకు దగ్గర. ట్యూషన్ గదులు నడిపిన స్థానిక చర్చిల దగ్గర బెంచీలు మిగిలాయి, టీచరమ్మ జీతం మిగల్లేదు.

చట్టం బిగిశాక

1976 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని 2010లో తిరగరాశారు, 2020 సెప్టెంబరులో మళ్లీ సవరించారు. పత్రికల్లో రద్దుల వార్తలే పెద్దగా కనిపించినా, కింది స్థాయి పనిని ఎక్కువగా మార్చింది సవరణలోని మూడు నిబంధనలు. ఒకటి, విదేశీ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే రావాలి. రెండు, పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. మూడు, అందుకున్న సంస్థ ఆ డబ్బును మరో సంస్థకు బదలాయించరాదు.

మూడోది అసలైన దెబ్బ. అప్పటిదాకా ఏర్పాటు చెట్టులా ఉండేది. రిజిస్ట్రేషన్, ఆడిటర్, ఇంగ్లీషులో నివేదికలు రాసే సిబ్బంది పెద్ద సంస్థకు ఉండేవి. పని మాత్రం బస్తీలోని చిన్న సంస్థ చేసేది. కొమ్మకు నీరు పోయడం నేరమయ్యేసరికి కొమ్మ ఎండింది. రెండో నిబంధన చూడటానికి సబబుగానే ఉంటుంది, కార్ల మీద కన్నా పేదల మీద ఖర్చుపెట్టమనడం తప్పెలా అవుతుంది? కానీ బస్తీలో జనాన్ని కూడగట్టే పనికి సిమెంటు, ఇటుకలు అక్కర్లేదు, మనుషులు కావాలి. వారి జీతాల్లో ఏది పాలనా ఖర్చు, ఏది పథకం ఖర్చు అన్న తగువు ఆడిటర్ బల్ల మీద తేలుతుంది. అప్పుడు సంస్థలు సహజంగానే లెక్క చూపడం తేలికైన పనుల వైపు, అంటే పంపిణీల వైపు మొగ్గుతాయి. పంపిణీ తగ్గాలని కోరుకునేవారు కూడా ఊహించని పరిణామం ఇది.

ప్రభుత్వం వైపు వాదన కూడా బలహీనమైనదేం కాదు. విదేశీ డబ్బు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడ తేలుతుందో తెలుసుకోవడం రాజ్యానికి అవసరం. చేతులు మారేకొద్దీ జాడ దొరకదు. పైగా చర్చి ఆస్తుల మీద కోర్టుల్లో నడుస్తున్న తగాదాలు చూస్తే, లోపలి లెక్కలు అంత పారదర్శకం అని వాదించడం చర్చి పెద్దలకే కష్టం.

విదేశీ ధార తగ్గిన చోట దేశీయ ధార ఎంత? 2013 కంపెనీల చట్టం కింద లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాల్సిన కంపెనీలు హైదరాబాద్‌లో కొదవలేదు. కానీ బోర్డు మీద సిలువ గుర్తున్న సంస్థకు చెక్కు రాయడానికి చాలామంది జంకుతారు. ఇక మిగిలేది సంఘపు సొంత చందా. తెలుగు చర్చిల్లో పిడికెడు బియ్యం అనే అలవాటు పాతది. పూటపూటా వండే బియ్యంలోంచి ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది, నిండాక ఆదివారం తెచ్చి ఇస్తుంది. దశమభాగం, కోత పండుగ కానుకల వేలం కూడా ఉన్నాయి. పేదవారే ఇచ్చే ఈ డబ్బు చిన్నదే అయినా దానికి ఢిల్లీ ఖాతా అక్కర్లేదు. అయితే అందులో అధిక భాగం పాస్టర్ జీవనానికీ మందిరం రేకులకూ సరిపోతుంది. విధవరాళ్ల సాయానికీ పిల్లల ఫీజులకూ ఎంత పక్కన పెడతారన్నది ఒక్కో సంఘంలో ఒక్కో తీరు.

ఈలోగా పాత మిషన్ పనుల్లో చాలావాటిని ప్రభుత్వమే ఎత్తుకుంది. మిషన్ బోర్డింగ్‌లో చదివి ఉద్యోగం తెచ్చుకున్న తరం ఒకటుండేది, ఇప్పుడా నిచ్చెన సాంఘిక సంక్షేమ గురుకులం. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది, బస్తీ దవాఖానాలు 2018లో తెరుచుకున్నాయి. మిషన్ బడుల్లో పేరున్నవి ఫీజులు కట్టగలిగిన మధ్యతరగతివయ్యాయి. పేదల దగ్గర క్రైస్తవ సంస్థలకు మిగిలిన చోటు ప్రభుత్వం ఇంకా సరిగా చేరని మూలలు: వీధి బాలలు, తాగుడు మాన్పించడం, చివరి దశ రోగులు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు.

రికార్డుల్లో ఉండని జనం

ఏ అభివృద్ధి పనికైనా మొదట కావలసింది ఎవరెవరున్నారన్న లెక్క. క్రైస్తవ సంఘాలకు ఆ లెక్కే రాయలేని ఇరకాటం ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే పరిమితం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి వెళ్లిన దళితులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ–సి కింద, ఒక్క శాతం రిజర్వేషన్‌తో ఉన్నారు. ఈ పట్టింపుపై పరిశీలనకు కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది.

ఒక కుటుంబం దీన్ని ఇలా చూస్తుంది. సర్టిఫికెట్ మారితే ఎస్సీ స్కాలర్‌షిప్, ఎస్సీ కార్పొరేషన్ రుణం, అట్రాసిటీ చట్టం రక్షణ పోతాయి. మార్చకుండా ఆదివారం మందిరానికి వెళ్తే రికార్డులో హిందువు, గల్లీలో క్రైస్తవులు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1.34 శాతమే అని వచ్చిన అంకెకూ, బస్తీల్లో కనబడే మందిరాల సంఖ్యకూ పొంతన కుదరకపోవడానికి ఇదొక కారణం. అభివృద్ధి పనికి దీని ప్రభావం సూటిగా ఉంటుంది. చర్చి తన సభ్యుల పట్టిక బయటపెడితే వారి సర్టిఫికెట్లకే ప్రమాదం. పట్టిక లేకుండా ఎవరికి ఎంత చేరిందో దాతకు చూపలేరు. నోటి మాట మీద నడిచే చోట మళ్లీ పెత్తనం పట్టిక మనసులో పెట్టుకున్న ఒక్కరిదే అవుతుంది.

గీత ఎక్కడ

విశ్వాసం ఉన్నవారు విశ్వాసాన్ని ఇంటి దగ్గర వదిలి సేవకు రారు. కాబట్టి మతం ఉందా లేదా అన్న ప్రశ్నతో ఒరిగేదేం లేదు. సాయం అందుకోవడానికి మతం షరతుగా ఉందా అన్నది అడగాలి. రెడ్‌క్రాస్ ఉద్యమంతో కలిసి కారిటాస్, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్ వంటి క్రైస్తవ సంస్థలు 1994లో రూపొందించుకున్న ప్రవర్తనా నియమావళి, సాయాన్ని మత ప్రచారానికి వాడబోమని చెబుతుంది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, మతాన్ని ప్రచారం చేసే హక్కులో ఇంకొకరిని మతం మార్చే హక్కు ఇమిడి లేదని తేల్చింది. కాగితం మీద గీత స్పష్టమే. బస్తీలో అంత స్పష్టం కాదు. ట్యూషన్ ఉచితం, ముందు అయిదు నిమిషాలు ప్రార్థన. కూర్చోకపోయినా ఎవరూ పంపేయరు, కానీ ఎనిమిదేళ్ల పిల్లకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

పాతబస్తీలో దీనికి భిన్నమైన అనుభవం ఒకటుంది. హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ 1930లో లాహోర్‌లో పుట్టింది, ముస్లింల మధ్య పనిచేయబోయే మిషనరీలకు తర్ఫీదు ఇవ్వడానికి. 1971లో హైదరాబాద్ చేరాక క్రమంగా దాని దారి సంభాషణ, సయోధ్యల వైపు మళ్లింది. 1990 అల్లర్ల తర్వాత హిందూ ముస్లిం ఇళ్లు పక్కపక్కనే ఉండే సుల్తాన్‌షాహీలో కుట్టు శిక్షణ, పిల్లల చదువు వంటి పనులు పెట్టుకుంది. అక్కడ క్రైస్తవులు దాదాపు లేరు. ఎవరి పక్షం కాకపోవడమే ఆ సంస్థకు లోపలికి దారి అయింది. కుట్టు మిషన్ దగ్గర కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లకు సయోధ్య గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, బాబిన్ దారం అయిపోతే పక్కవారిని అడగాల్సిందే.

మూసీ ఒడ్డున

హక్కుల సంఘాల పని వీటిలో అతి తక్కువ ఖర్చుతో, అతి ఎక్కువ ప్రమాదంతో నడుస్తుంది. బెల్జియం నుంచి వచ్చిన సిస్టర్ జీన్ దెవోస్ 1985లో మొదలుపెట్టిన జాతీయ ఇంటిపనివారల ఉద్యమం కనీస వేతనం, వారాంతపు సెలవు అడగడం నేర్పింది. ఇలాంటి పనికి దాతలు దొరకరు, ఫొటో తీసి పంపడానికి ఏమీ ఉండదు కాబట్టి.

ప్రభుత్వ పద్ధతితో పోలిక ఇక్కడ ఆసక్తికరం. 1967లో హైదరాబాద్ మున్సిపాలిటీ మొదలుపెట్టిన పట్టణ సామాజికాభివృద్ధి పథకం ఒకప్పుడు దేశానికే నమూనా. బస్తీ కమిటీలు, మహిళా మండళ్లు, బాలవాడీలు, తర్వాత పట్టాలు, బ్యాంకు రుణాలతో సొంతంగా కట్టుకున్న ఇళ్లు. పరిగె సూత్రమే అది, బైబిల్ పేరు లేకుండా. ఆ పథకానికి ఉన్నదీ చర్చికి లేనిదీ పట్టా ఇచ్చే అధికారం. చర్చికి ఉన్నదీ ఆ పథకానికి లేనిదీ, బడ్జెట్ ఆగినా ఆదివారం ఆగకపోవడం.

2024 సెప్టెంబరులో మూసీ పరీవాహకంలో ఇళ్ల గోడల మీద కూల్చివేత గుర్తుగా ఎర్ర అక్షరాలు పడ్డాక ఈ తేడా మరోలా బయటపడింది. కొన్ని కుటుంబాలు డబుల్ బెడ్రూం ఇళ్లకు తరలాయి. గల్లీ చెదిరితే ముందు పోయేది పొదుపు సంఘం. గోడ అవతలి ఇల్లు ఎక్కడో పదో కిలోమీటరులో నాలుగో అంతస్తుకు చేరితే, ఈ నెల ఎవరెందుకు కట్టలేదో తెలియదు, డబ్బా తాళం పుస్తకం మూడు ఇళ్ల మధ్య నడిచి వెళ్లే దూరం ఉండదు. నీళ్ల కోసం కూర్చున్న సంఘానికి అడగాల్సిన ఆఫీసే మారిపోతుంది. ఆరాధన సంఘం అంత తేలిగ్గా చెదరదు. మందిరం నిలిచి ఉంటే జనం రెండు బస్సులు మారైనా వస్తారు. మిగతా రెండు సంఘాల పుస్తకాలు తెరవాలంటే అప్పుడు దొరికేది ఆరాధన ముగిసి, చాప మడిచి, ఎవరి బస్సుకు వారు బయలుదేరే ముందు అరగంట మాత్రమే.